‘మై ఫాదర్ ఈజ్ సీరియస్’

ఈ వారం కాస్త ఇంగ్లీషు గురించి మాట్లాడుకుందాం. భయపడకండి, గ్రామరు పుస్తకం తెరవబోవడం లేదు. మేము చేసిన తప్పు ఒకటి చెప్పి, అక్కడి నుంచి మొదలుపెడతాం.

మేము ముగ్గురం, షార్జాలో ఒక కంపెనీలో గుమాస్తాలం. ఒకరు టైం కీపరు, ఒకరు స్టోరులో, ఇంకొకరు ఆఫీసులో టైపింగు పని. ముగ్గురివీ ఇంటర్మీడియట్ చదువులే, అవీ తెలుగు మీడియంలో. అయినా మన వాళ్ళ దృష్టిలో మేము ‘ఇంగ్లీషు వచ్చినవాళ్ళం’. లీవు లెటరు కావాలన్నా, జీతం తక్కువ పడిందని అడగాలన్నా, సాయంత్రం డ్యూటీ అయ్యాక మా గది ముందు చెప్పులు కనబడతాయి.

2018 జూలైలో ఒక రాత్రి జగిత్యాల వైపు నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్ తమ్ముడు ఒకడు పరుగున వచ్చాడు. “అన్నా, నాయినకు సీరియస్ ఉన్నదంట. దవాఖానల వేసిన్రు. జర లెటర్ కొట్టియ్యుండ్రి, పొద్దుగాల ముదీర్‌కు ఇస్త” అన్నాడు. మేము కొట్టాం. ‘రెస్పెక్టెడ్ సర్, మై ఫాదర్ ఈజ్ సీరియస్. ప్లీజ్ గివ్ మీ ట్వెంటీ డేస్ లీవ్.’ ముగ్గురం చదివాం. ముగ్గురికీ బాగానే అనిపించింది. కింద సంతకం పెట్టించి పంపాం.

మరునాడు జవాబు లేదు. ఆ తర్వాతి రోజూ లేదు. మూడో రోజు టైపింగు చేసే మావాడు ధైర్యం చేసి మేనేజరుని అడిగాడు. ఆయన ఇంగ్లండు మనిషి, చెడ్డవాడేమీ కాదు. ట్రేలో మామూలు లీవు కాగితాల అడుగు నుంచి ఆ లెటరు తీసి, “వాళ్ళ నాన్న ఏదో విషయంలో పట్టుపట్టి కూర్చున్నాడని అర్థమైంది. పెళ్ళి సంగతా, పొలం సంగతా? నెలాఖరులో చూద్దామనుకున్నాను” అన్నాడు. హాస్పిటల్ అన్న మాట మావాడి నోట రాగానే ఆయన ముఖం మారిపోయింది. అక్కడికక్కడే సంతకం పెట్టి, టిక్కెట్టు కోసం తనే ఫోను చేశాడు.

ఆ తమ్ముడు ఊరు చేరేసరికి వాళ్ళ నాయిన బతికే ఉన్నాడు. కానీ ముందు రోజు సాయంత్రమే మాట పడిపోయిందట. కొడుకు చెయ్యి పట్టుకున్నాడు గానీ ఏమీ చెప్పలేకపోయాడు. ఆరో రోజు పోయాడు. తిరిగి వచ్చాక ఆ తమ్ముడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పైగా “మీరు రాసిచ్చిన్రు గనుకనే పోయిన అన్నా” అన్నాడు. ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రెండు రోజులు పోగొట్టింది మా లెటరే.

తప్పు ఎక్కడ జరిగింది? స్పెల్లింగు సరిగానే ఉంది. వాక్యమూ సరిగానే ఉంది. మాట రకం దగ్గర పొరపాటు పడ్డాం. తెలుగులో మనం ‘సీరియస్’ను ఒక జబ్బు పేరులా వాడతాం. నాయినకు జ్వరం ఉంది, నాయినకు దగ్గు ఉంది, నాయినకు సీరియస్ ఉంది. ఇంగ్లీషులో అది పేరు కాదు, గుణం. ఎవరి పక్కన పెడితే వాళ్ళ గుణం చెబుతుంది. నాన్న పక్కన పెడితే నాన్న నవ్వని మనిషి, లేదా ఏదో విషయంలో గట్టిగా ఉన్న మనిషి. ఇక్కడ సీరియస్‌గా ఉన్నది నాన్న కాదు, నాన్న పరిస్థితి. ‘హిజ్ కండిషన్ ఈజ్ సీరియస్’ అని రాసి ఉంటే ఆ కాగితం ట్రేలో గంట కూడా ఉండేది కాదు.

బళ్ళో చెప్పింది గుర్తుందా? నామవాచకం, విశేషణం. పేరు చెప్పేది నామవాచకం, ఇంగ్లీషులో నౌన్. ఆ పేరుగల దాని గుణం చెప్పేది విశేషణం, అంటే అడ్జెక్టివ్. ‘మంచి బాలుడు’లో బాలుడు నౌన్, మంచి అడ్జెక్టివ్. పరీక్ష పాసవడానికి అంతవరకు సరిపోయింది. ఇక్కడ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ఇంకొంచెం కావాలి.

మనకు ఒక సంగతి బాగా కలిసొచ్చింది. ఇంగ్లీషులో గుణం ముందు వస్తుంది, వస్తువు వెనక వస్తుంది. తెలుగులోనూ అంతే. చల్లటి నీళ్ళు, కోల్డ్ వాటర్. పెద్ద బండి, బిగ్ వెహికిల్. మాటకు మాట సరిపోతుంది. చిక్కంతా అరబ్బీతోనే. సైటులో రోజంతా ‘మాయ్ బారిద్’ అంటూ తిరుగుతాం. మాయ్ అంటే నీళ్ళు, బారిద్ అంటే చల్లన. వాళ్ళకి వస్తువు ముందు, గుణం వెనక. ‘సయ్యారా కబీర్’ అన్నా అంతే, బండి పెద్ద. నాలుగేళ్ళు ఇలా మాట్లాడాక ఇంగ్లీషులోనూ ‘వాటర్ కోల్డ్’, ‘వెహికిల్ బిగ్’ అని వచ్చేస్తుంది. చాయ్ దుకాణం దగ్గర ఎలా అన్నా చాయ్ వస్తుంది. కాగితం మీద అలా కుదరదు. ఇంగ్లీషు రాసేటప్పుడు అరబ్బీని పక్కనబెట్టి తెలుగులో ఆలోచించండి, వరస దానంతట అదే వస్తుంది.

ఇంకో సుఖం కూడా ఉంది. హిందీలో ‘ఠండా పానీ’, ‘ఠండీ చాయ్’ అని వస్తువును బట్టి గుణం మాట మార్చుకోవాలి. ఇంగ్లీషులో ఆ బాధ లేదు. పెద్ద బండి, పెద్ద బండ్లు అన్నట్టే బిగ్ వెహికిల్, బిగ్ వెహికిల్స్. ‘బిగ్’ కదలదు.

ఈ వరస తెలిస్తే ఒక చిట్కా చేతికొస్తుంది. రెండు మూడు మాటలు గుంపుగా కనబడితే చివరి మాట ఏమిటో చూడండి. అసలు వస్తువు అదే. ముందున్నవన్నీ అది ఎలాంటిదో చెప్పేవి. మామిడి చెట్టు అంటే చెట్టు. చెట్టు మామిడి అంటే మామిడి. ‘వాటర్ ట్యాంక్’ అంటే ట్యాంకు, ‘ట్యాంక్ వాటర్’ అంటే నీళ్ళు. ట్యాంకు బాగాలేదంటే ప్లంబరు వస్తాడు, నీళ్ళు బాగాలేవంటే క్యాంపు బాసు రావాలి.

ఈ చిట్కాను స్టోరులో ఉన్న మావాడు ఖరీదు పెట్టి నేర్చుకున్నాడు. క్యాంపు ఆఫీసు తలుపుకున్న అద్దాలు రెండు పగిలాయి. వాడు ‘డోర్ గ్లాస్ - 2’ అని రాయాల్సింది, తొందరలో ‘గ్లాస్ డోర్ - 2’ అని రాశాడు. చివరి మాట డోర్ కదా, వారం తర్వాత లారీలో రెండు నిలువెత్తు అద్దాల తలుపులు దిగాయి. సప్లయరు వెనక్కి తీసుకోనన్నాడు. ఆరు నెలలు అవి స్టోరు వెనక ప్లాస్టిక్ చుట్టుకుని నిలబడ్డాయి. ఆ దారిన పోయే ప్రతివాడూ ఆగి తలుపు తట్టి “లోపల ఎవరున్నారు?” అని అడిగి పోయేవాడు.

స్టోరు లిస్టుల్లో మాత్రం తిరగేసి రాసి ఉంటుంది. ‘పైప్, పీవీసీ, 4 ఇంచ్’, ‘హెల్మెట్, సేఫ్టీ, ఎల్లో’. పైపులన్నీ ఒకచోట, హెల్మెట్లన్నీ ఒకచోట రావాలని అలా వస్తువు పేరు ముందు రాస్తారు. మధ్యలో కామాలు ఉన్నాయి చూడండి, తిరగేశామని చెప్పే గుర్తు అదే. కామా లేకపోతే మళ్ళీ చివరి మాటే వస్తువు.

ఇక్కడ కొందరికి అనుమానం రావాలి. ‘గ్లాస్’ అనేది వస్తువు కదా, అది గుణం ఎలా అయింది? నిజమే. గ్లాస్ నౌనే. ఇంకో నౌన్ ముందు నిలబడి అడ్జెక్టివ్ పని చేస్తోంది, అంతే. మేస్త్రి రాకపోతే హెల్పరు తాపీ పట్టుకున్నట్టు. పని మేస్త్రిదే గానీ బతాకాలో హెల్పర్ అనే ఉంటుంది. మన కాళ్ళకున్న ‘సేఫ్టీ షూస్’లో సేఫ్టీ అలాంటిదే. ‘హెవీ షూస్’లో హెవీ మాత్రం అసలైన అడ్జెక్టివ్.

తేడా ఎలా పట్టాలంటే ముందు ‘వెరీ’ పెట్టి చూడండి. ‘వెరీ హెవీ’ బాగుంది. ‘వెరీ సేఫ్టీ’ కుదరదు. ‘వెరీ సేఫ్’ బాగుంది, ఎందుకంటే సేఫ్ అడ్జెక్టివ్, సేఫ్టీ నౌన్. టూల్ బాక్స్ మీటింగులో మనవాళ్ళు ‘దిస్ ప్లేస్ నో సేఫ్టీ సార్’ అంటారు. ‘దిస్ ప్లేస్ ఈజ్ నాట్ సేఫ్’ అంటే సరిగ్గా ఉంటుంది. అయితే ఈ ‘వెరీ’ పరీక్ష అన్నిచోట్లా నడవదని ముందే చెప్పేస్తున్నాం. ‘యాన్యువల్ లీవ్’లో యాన్యువల్ అడ్జెక్టివే, కానీ ‘వెరీ యాన్యువల్’ అని ఎవరూ అనరు. ఏటా వచ్చేది ఏటా వస్తుంది, మరీ ఏటా రాదు కదా.

ఇలా నౌన్ ముందుకొచ్చి అడ్జెక్టివ్ పని చేసినప్పుడు సాధారణంగా దాని వెనకున్న ‘ఎస్’ రాలిపోతుంది. మనం ‘రెండేళ్ళ కాంట్రాక్టు’ అంటాం కాబట్టి ‘టూ ఇయర్స్ కాంట్రాక్ట్’ అని రాస్తాం. ఇంగ్లీషులో అది ‘టూ ఇయర్ కాంట్రాక్ట్’. కానీ ‘కాంట్రాక్ట్ ఈజ్ ఫర్ టూ ఇయర్స్’ అన్నప్పుడు ఎస్ మళ్ళీ వచ్చేస్తుంది. ఈ తప్పు వల్ల ఎవరి కొంపా మునగదు, కాబట్టి దీన్ని ఇక్కడే వదిలేద్దాం.

కొంపలు మునిగేది క్లినిక్‌లో.

తెలుగులో ఒంట్లో ఏది వచ్చినా ‘నాకు’ అంటాం. నాకు ఆకలి, నాకు దాహం, నాకు జ్వరం, నాకు నొప్పి, నాకు నీరసం. అన్నీ ఒకే అచ్చు. ఇంగ్లీషులో అచ్చులు రెండు. ‘ఐ యామ్’ అంటే తర్వాత గుణం మాట రావాలి. ‘ఐ హావ్’ అంటే తర్వాత పేరు రావాలి. ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ యామ్ థర్స్టీ’, ‘ఐ యామ్ వీక్’, ‘ఐ యామ్ టైర్డ్’. ఇవి గుణాలు. ‘ఐ హావ్ ఫీవర్’, ‘ఐ హావ్ పెయిన్’, ‘ఐ హావ్ వీక్‌నెస్’. ఇవి పేర్లు. మనవాళ్ళు ‘ఐ యామ్ ఫీవర్’ అంటారు. ‘నేనే జ్వరాన్ని’ అన్నట్టు. నర్సమ్మ నవ్వి, అర్థం చేసుకుని థర్మామీటరు పెడుతుంది. ఒకాయన ‘ఐ యామ్ షుగర్’ అన్నాడు. ఆమె ఫిలిప్పీన్స్ అమ్మాయి, “యూ ఆర్ స్వీట్?” అని అడిగిందట. ఆయన అవునని తల ఊపాడు. ‘ఐ యామ్ డయాబెటిక్’ లేదా ‘ఐ హావ్ డయాబెటిస్’ అనాలి. డయాబెటిక్ గుణం, డయాబెటిస్ పేరు.

అన్నిసార్లూ నవ్వుకునే సంగతులు కావు. ఎండాకాలంలో మా క్యాంపు మేస్త్రి ఒకాయనకు కళ్ళు తిరిగాయి. కడప జిల్లా మనిషి, చాలా సీనియరు. క్లినిక్‌లో ఆయన ఉన్నది ఉన్నట్టు ‘మై ఐస్ ఆర్ టర్నింగ్’ అని చెప్పాడు. వాళ్ళు కళ్ళలోకి లైటు వేసి చూసి, చుక్కల మందు ఇచ్చి పంపేశారు. ఆ మధ్యాహ్నమే పరంజా దగ్గర కూలబడ్డాడు. అదృష్టం, ఎక్కకముందే పడ్డాడు. కావలసిన మాట ఒక్కటే, ‘డిజ్జీ’. ‘ఐ యామ్ డిజ్జీ’. ఈ పేజీ మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటామనేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోండి. దాని నౌన్ ‘డిజ్జీనెస్’. అది నోరు తిరగకపోతే వదిలేయండి.

మందు పడనివాళ్ళు ఇంకోటి నేర్చుకోవాలి. ‘ఎలర్జీ’ పేరు, ‘ఎలర్జిక్’ గుణం. ‘ఐ యామ్ ఎలర్జిక్ టు పెన్సిలిన్’ అన్నా సరే, ‘ఐ హావ్ ఎలర్జీ’ అని మందు పేరు చెప్పినా సరే. ఏదో ఒకటి ఇంజెక్షనుకు ముందే చెప్పాలి.

బీపీ సంగతి మరీ విచిత్రం. ‘ఐ హావ్ బీపీ’ అంటాం. బీపీ అంటే బ్లడ్ ప్రెషర్, రక్తపు ఒత్తిడి. ఒంట్లో రక్తం తిరుగుతున్న ప్రతివాడికీ అది ఉంటుంది. డాక్టరుకి కూడా ఉంటుంది. మనం చెప్పాల్సింది దాని ముందున్న గుణం, ‘హై బీపీ’నా ‘లో బీపీ’నా అని. తెలుగులో బీపీ అంటే చాలు, ఎక్కువేనని అందరికీ తెలుసు కాబట్టి ఆ ‘హై’ని మనం మింగేశాం. హై, లో ఈ రెంటికీ మందులు వేరు. ఇక్కడ నౌన్ చెప్పినా ప్రయోజనం లేదు, అడ్జెక్టివ్ చెబితేనే వైద్యం.

ఒకే మాట రెండు వేషాలు వేసే చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ‘కోల్డ్’ తీసుకోండి. ‘ఐ యామ్ కోల్డ్’ అంటే నాకు చలేస్తోంది. ‘ఐ హావ్ ఎ కోల్డ్’ అంటే నాకు జలుబు. ఏసీ తగ్గించమనాలంటే మొదటిది, బిళ్ళ కావాలంటే రెండోది. ‘ఫైన్’ కూడా ఇలాంటిదే. ‘ఐ యామ్ ఫైన్’ అంటే బాగున్నాను. ‘ఐ హావ్ ఎ ఫైన్’ అంటే నాకు జరిమానా పడింది. మన డ్రైవరు ఒకాయనను ఫోర్‌మన్ ‘ఎనీ ఫైన్?’ అని అడిగితే, క్షేమం అడుగుతున్నాడనుకుని ‘యస్ సార్, వెరీ ఫైన్’ అన్నాడు. ఆ నెల జీతంలో ఎంత కోస్తారోనని ఫోర్‌మన్ పాపం ఆయన తరఫున దిగులుపడ్డాడు.

‘లైట్’ కథ ఇంకొకటి. నడుము పట్టేసిన హెల్పరుకి డాక్టరు ‘ఫిట్ ఫర్ లైట్ డ్యూటీ’ అని రాసిచ్చాడు. లైట్ ఇక్కడ తేలికైన అనే గుణం. బరువులు ఎత్తించొద్దని అర్థం. మనవాడు దాన్ని లైట్ల దగ్గర డ్యూటీ అనుకుని ఎలక్ట్రీషియన్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు. వాళ్ళు కేబుల్ చుట్ట ఎత్తమన్నారు. అది సిమెంటు బస్తా కంటే బరువు. డాక్టరు రాసిన కాగితం జేబులోనే ఉంది, అది తీసి చూపించాలని కూడా వాడికి తట్టలేదు.

ఇక డబ్బుల కాగితాలు. ఇక్కడ చిన్న చిన్న అడ్జెక్టివ్‌లకు పెద్ద పెద్ద రేట్లు ఉన్నాయి.

పే స్లిప్పు మీద ‘నెట్ పే’ అని ఉంటుంది. ఇంటర్నెట్టు డబ్బులు కాదు. కోతలన్నీ పోగా చేతికొచ్చేది అని. ‘గ్రాస్’ అంటే కోతలకు ముందు మొత్తం. అన్నిటికంటే విలువైన మాట ‘బేసిక్’. సాలరీ అన్నది నౌన్, బేసిక్ దాని ముందున్న గుణం. మన కళ్ళు సాలరీ మీదే పడతాయి, బేసిక్‌ను దాటేస్తాయి. యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం, ఏడాది పూర్తి చేసినవాళ్ళకు సర్వీసు ముగిశాక ఇచ్చే గ్రాట్యుటీ లెక్క ఈ బేసిక్ మీదే. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజుల బేసిక్.

ఒక మనిషి మొత్తం జీతం 1,500 దిర్హాములు, అందులో బేసిక్ 800 అనుకుందాం. 800ని 30తో భాగించి 21తో హెచ్చిస్తే ఏడాదికి 560. ఐదేళ్ళకు 2,800 దిర్హాములు. ఆ మనిషి మనసులో మాత్రం 1,500 మీద లెక్కేసుకుని 5,250 వస్తుందని ఇంట్లో చెప్పేశాడు. మధ్యలో పోయిన 2,450 దిర్హాములు బేసిక్ అనే ఒక్క విశేషణం ఖరీదు. కాంట్రాక్టు చేతికిచ్చిన రోజునే సాలరీ ముందు ఏ మాట ఉందో, దాని పక్కన ఎంత అంకె ఉందో చూసుకోవాలి. ఐదేళ్ళ తర్వాత చూసుకుంటే కోపం తప్ప ఏమీ రాదు.

‘సిక్ లీవ్’ దగ్గరా ఇంతే. ఇదే చట్టంలో ప్రొబేషన్ దాటినవాళ్ళకు ఏడాదిలో 90 రోజుల దాకా సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు ఫుల్ పే, తర్వాత 30 రోజులు హాఫ్ పే, మిగతావి జీతం లేకుండా. పే అన్న మాట చూసి నిశ్చింతగా ఉంటే చాలదు, దాని ముందు ఫుల్ ఉందా హాఫ్ ఉందా చూడాలి. అలాగే ‘పెయిడ్ లీవ్’, ‘అన్‌పెయిడ్ లీవ్’. ముందు రెండక్షరాలు చేరగానే నెల జీతం ఎగిరిపోతుంది. జీతం లేకుండా పనికి రాని రోజులు గ్రాట్యుటీ సర్వీసు లెక్కలోకి కూడా రావు. ‘ఎమర్జెన్సీ లీవ్’ అని రాసిస్తే జీతం ఉంటుందా లేదా అన్నది ఆ మాటలో ఎక్కడా లేదు. ఎమర్జెన్సీ అంటే తొందర అని మాత్రమే. అది పెయిడా అన్‌పెయిడా అని అడిగి సంతకం పెట్టండి. అడిగితే ఎవరూ కొట్టరు.

ఇంకొక్కటి చెప్పి ఈ కాగితాలు మూసేస్తాం. ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’. సెటిల్‌మెంట్ నౌన్, దాని ముందు రెండు అడ్జెక్టివ్‌లు. ఫుల్ అంటే మొత్తం ముట్టింది, ఫైనల్ అంటే ఇక బాకీ లేదు. బాకీలో సగమే చేతికిచ్చి, మిగతాది ఊరికి పంపుతామని చెప్పి, ఈ కాగితం మీద సంతకం పెట్టించుకున్న సంగతులు మా దగ్గరికి రెండు మూడు వచ్చాయి. సంతకం పెట్టాక వచ్చారు. ఆ రెండు మాటలు చదివి ఆగిపోయి ఉంటే అడగడానికి దారి ఉండేది.

సైటు బోర్డుల గురించి క్లుప్తంగా. ‘డేంజర్’ నౌన్, ప్రమాదం. ‘డేంజరస్’ అడ్జెక్టివ్, ప్రమాదకరమైన. మనం ‘అందం’ చివర ‘ఐన’ చేర్చి ‘అందమైన’ అంటామే, ఇంగ్లీషువాళ్ళు అలా ‘అస్’ చేరుస్తారు. ‘నెస్’, ‘మెంట్’, ‘షన్’ అని ముగిస్తే ఎక్కువగా పేర్లు: సిక్‌నెస్, పేమెంట్, డిడక్షన్. ‘ఫుల్’, ‘లెస్’, ‘అస్’, ‘ఏబుల్’ అని ముగిస్తే ఎక్కువగా గుణాలు: కేర్‌ఫుల్, కేర్‌లెస్. షట్టరింగ్ కార్పెంటర్లకు లెంగ్త్, విడ్త్, హైట్, డెప్త్ మేము చెప్పక్కర్లేదు. అవి పొడవు, వెడల్పు, ఎత్తు, లోతు అనే పేర్లు. లాంగ్, వైడ్, హై, డీప్ వాటి గుణాలు. డ్రాయింగులో మొదటివి ఉంటాయి, ఫోర్‌మన్ అరుపుల్లో రెండోవి ఉంటాయి.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆగాలి. ‘ఫ్లేమబుల్’ అంటే మంట అంటుకునేది. మరి ‘ఇన్‌ఫ్లేమబుల్’? ముందు ‘ఇన్’ ఉంది కదా, అంటుకోనిది అనుకుంటాం. తప్పు. అది కూడా మంట అంటుకునేదే. రెంటికీ అర్థం ఒక్కటే. అంటుకోనిది ‘నాన్ ఫ్లేమబుల్’. థిన్నరు డబ్బా పక్కన బీడీ వెలిగించే అలవాటున్నవాళ్ళకి ఈ మాట చదివి వినిపించండి.

“ఇప్పుడు ఫోనులోనే ట్రాన్స్‌లేషన్ ఉంది కదన్నా, ఇవన్నీ ఎందుకు?” అని కుర్రవాళ్ళు అడుగుతున్నారు. మేమూ వాడుతున్నాం, మంచిదే. అందుకే ఆ పాత వాక్యాన్నే ఫోనులో పెట్టి చూశాం. ‘మా నాన్నకు సీరియస్‌గా ఉంది’ అని కొడితే మనం పెట్టిన సీరియస్‌ను అలాగే తీసుకెళ్ళి మళ్ళీ నాన్న పక్కనే పెట్టింది. ‘మా నాన్న ఆరోగ్య పరిస్థితి విషమంగా ఉంది’ అని కొడితే సరైన ఇంగ్లీషు వచ్చింది. తెలుగులో ఏది పేరో ఏది గుణమో మనం విడదీసి చెబితే ఫోను కూడా బాగానే పని చేస్తుంది.

2018లో మేము కొట్టాల్సిన లెటరు ఇది. ఇప్పుడు దీన్ని టైప్ చేసి టైం ఆఫీసు సొరుగులో పెట్టుకున్నాం. ‘మై ఫాదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్. హిజ్ కండిషన్ ఈజ్ సీరియస్. ఐ నీడ్ అర్జెంట్ లీవ్ ఫ్రమ్ టుడే.’ కండిషన్ పేరు, దానికి సీరియస్ గుణం. లీవ్ పేరు, దానికి అర్జెంట్ గుణం. మొదటి వాక్యంలోనే హాస్పిటల్ ఉంది, కాబట్టి పెళ్ళా పొలమా అని ఎవరూ అడగరు. తండ్రి స్థానంలో తల్లి అయితే ఫాదర్ తీసి మదర్ పెట్టి, ‘హిజ్’ తీసి ‘హర్’ పెట్టుకోవాలి.

ఆ స్టీల్ ఫిక్సర్ తమ్ముడు ఇప్పటికీ మా క్యాంపులోనే ఉన్నాడు, ఇప్పుడు చార్జ్‌హ్యాండ్. ఈ వ్యాసం రాస్తున్నామని, తన సంగతి రాయవచ్చా అని అడిగాం. “రాయుండ్రి అన్నా, పేరు మాత్రం వద్దు” అన్నాడు. తర్వాత జేబులోంచి తన కొత్త కాంట్రాక్టు కాగితం తీసి, సాలరీ ముందున్న మాట మీద వేలు పెట్టి, “గీ బేసిక్ కాడ గింతేనా రాసిన్రు?” అని అడిగాడు. రేపు ముగ్గురం కలిసి వెళ్ళి హెచ్ఆర్‌లో అడగబోతున్నాం.